వరసలో పెట్టి చూడండి

చాలా తెలుగిళ్ల ముందుగదిలో గాజు తలుపుల షోకేస్ ఒకటి ఉంటుంది. అందులో ఏముంటాయో తలుపు తీయకుండానే చెప్పొచ్చు. తిరుపతి నుంచి తెచ్చిన వెంకటేశ్వరస్వామి, ఆయన పక్కనే తాజ్‌మహల్, అబ్బాయికి స్కూల్లో ఇచ్చిన కప్పు, నాన్నగారి రిటైర్మెంటుకి ఆఫీసువాళ్లు ఇచ్చిన షీల్డు, ఎవరి గృహప్రవేశంలోనో చేతిలో పెట్టిన బుల్లి ఇత్తడి కుంది, సింగపూర్ వెళ్లొచ్చిన బావగారు తెచ్చిన చేపతోక సింహం, అంబారీ మోస్తున్న కొండపల్లి ఏనుగు, రంగు వెలసిన ప్లాస్టిక్ పూలు. ప్రతిదాని వెనకా ఒక మనిషో ఊరో ఉంది కాబట్టి పారేయలేం. అలాగని తీరిగ్గా చూడబుద్ధీ కాదు. వచ్చినవాళ్ల కన్ను అటు వెళ్లి, ఎక్కడా నిలవలేక, టీవీ మీదికి జారిపోతుంది.

తప్పు వస్తువులది అనుకోకండి. అవి ఒకదానికొకటి ఏమీ కావు, చిక్కంతా అక్కడే. పది వస్తువులు పది దిక్కులకి లాగుతుంటే గది నిండినట్టు ఉంటుంది గాని ముస్తాబైనట్టు ఉండదు. ఆ షోకేస్‌లోంచి ఇత్తడి కుందిని బయటికి తీయండి. పూజగదిలో వాడకుండా పడున్న రెండు, అటక మీది డబ్బాలో అమ్మమ్మగారి కాలం నాటివి నాలుగు దానితో కలపండి. కిటికీ పక్క గూట్లో పొట్టివాటి నుంచి పొడుగువాటి దాకా నిలబెట్టండి. ఏ ఒక్కటీ మారలేదు, దేని ధరా పెరగలేదు. అయినా ఇంటికొచ్చినవాళ్లు దగ్గరికెళ్లి వంగి చూస్తారు. "ఇవన్నీ ఎక్కడ సంపాదించారండీ?" అని అడుగుతారు. విడివిడిగా ఉన్నన్నాళ్లు సామాను అనిపించుకున్నవి ఒకచోట చేరేసరికి సేకరణ అయిపోయాయి. ఈ అధ్యాయమంతా ఈ ఒక్క కిటుకు గురించే.

హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవాళ్లకి ఇది అనుభవమే. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) పోగుచేసిన వస్తువులతో 1951లో తెరిచిన మ్యూజియం అది. అక్కడి 'ముసుగు రెబెకా' పాలరాతి విగ్రహానికి పక్కన తోడు అక్కర్లేదు. పల్చటి మేలిముసుగుని రాతిలో చెక్కిన ఆ పనితనం చాలు, జనం దాని ముందే ఆగిపోతారు. చేతికర్రల సంగతి అలా కాదు. ఏ తాతగారింట్లోనైనా తలుపు మూలకి ఒక చేతికర్ర ఆనించి ఉంటుంది, దాని వైపు ఎవరూ చూడరు. మ్యూజియంలో అవే గుంపుగా కనిపించేసరికి ఒక పిడి నుంచి ఇంకో పిడికి కన్ను పరిగెడుతుంది. దీనికి దంతం, దానికి వెండి, ఇది వంకీ, అది గుండు. ఇంట్లో వస్తువులు కూడా ఈ రెండు జాతులే. ఒంటరిగా నిలబడగలిగేవి కొన్ని, వరస ఉంటేగాని రాణించనివి కొన్ని. మన ఇళ్లలో రెబెకాలు తక్కువ, చేతికర్రలు ఎక్కువ.

కన్ను ఎందుకిలా చేస్తుంది? మాక్స్ వెర్థైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1923లో అచ్చువేసిన ఒక వ్యాసంలో దీన్ని ఉత్త చుక్కలతో చూపించాడు. దగ్గరగా ఉన్న చుక్కల్ని మనం జతలుగా చూస్తాం. ఒకేలా ఉన్నవాటిని, అవి కాస్త ఎడంగా ఉన్నాసరే, ఒక జట్టుగా చూస్తాం. ఇందుకు మనం ప్రయత్నమేమీ చేయక్కర్లేదు. ముగ్గు పెట్టేవాళ్లకి ఈ సంగతి ఇంకొకరు చెప్పాలా? "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు" అని ఎవరైనా అనగానే, గీత ఒక్కటీ పడకముందే వాకిట్లో ఆరు పలకల ఆకారం కనబడిపోతుంది. తరవాత కలిపే మెలికలు ఆ లెక్కని నడిపిస్తాయంతే.

ఇంతకంటే ముందే, 1871లో, విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆంగ్లేయ ఆర్థికవేత్త ఇంకో ముచ్చట తేల్చాడు. గుప్పెడు గింజలు పెట్టెలోకి విసరడం, లెక్కపెట్టకుండా ఒక్క చూపులో ఎన్ని పడ్డాయో చెప్పడం. వెయ్యికి పైగా సార్లు విసిరాడాయన. ఆర్థికవేత్తలకి తీరిక ఎక్కువే. మూడు, నాలుగు గింజల దగ్గర ఒక్కసారీ తప్పలేదు. అయిదు నుంచి పొరపాట్లు మొదలయ్యాయి. అలంకరణకి ఇది బాగా పనికొచ్చే మాట. బల్ల మీద మూడు గిన్నెలుంటే కన్ను వాటిని మూడు గిన్నెలుగానే చూస్తుంది, ఒక్కోదాన్నీ విడిగా పలకరిస్తుంది. ఏడో తొమ్మిదో ఉంటే లెక్క మానేసి మొత్తాన్ని ఒకే వస్తువుగా తీసుకుంటుంది. కాబట్టి వరస పెట్టదలచుకున్నప్పుడు మూడు దగ్గర ఆగిపోతే లాభం లేదు. అయిదు అంచు మీద ఉంటుంది. ఏడు దాటితే నిశ్చింత. బేసి సంఖ్యలో పెట్టాలనే సలహా మీరు వినే ఉంటారు. మూడు, అయిదు దాకా దాంట్లో పస ఉంది, ఎందుకంటే మధ్యలో ఒక వస్తువు పడి వరస స్థిమితంగా కనిపిస్తుంది. తొమ్మిదికీ పదికీ తేడా కనిపెట్టే అతిథి మీ ఇంటికి వస్తే, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఇవ్వండి.

ఒకటి కట్టెయ్యండి, ఒకటి వదిలెయ్యండి

వరస పెట్టడంలో ఉన్న సూత్రం ఇంతే: అన్నిట్లోనూ ఒకే గుణం ఉండాలి, ఇంకో గుణం మారుతూ ఉండాలి. అన్నీ ఒకేలా ఉంటే దుకాణంలో సరుకు. అన్నీ మారిపోతే మళ్లీ షోకేసే.

వంటింట్లో దీన్ని మన అమ్మలు పుస్తకాలు చదవకుండానే చేశారు. ఖాళీ అయిన హార్లిక్స్ సీసాల్ని కడిగి, ఎండబెట్టి, గట్టు మీది అరలో వరసగా పెట్టేవాళ్లు. సీసా అంతటా ఒకటే. లోపల కందిపప్పు పసుపు, పెసరపప్పు లేత పసుపు, మినుములు నలుపు, ఎండుమిరపకాయలు ఎరుపు, ఆవాలు, మెంతులు, జీలకర్ర. ఆకారం కట్టేశారు, రంగు వదిలేశారు. ఇప్పటి వంటగదుల్లో ఇవన్నీ తలుపుల అల్మారాల్లోకి వెళ్లిపోయాయి, సూపర్‌మార్కెట్ ప్యాకెట్లలోనే, నోటికి రబ్బరు బ్యాండు వేసుకుని. ఒక్క అర తలుపు ఊడదీయించి, ఒకే రకం గాజు సీసాలు పన్నెండు తెచ్చి పెట్టండి. వంటింట్లో మీరు పెట్టగలిగే ఖర్చుల్లో ఇంత తక్కువకి ఇంత మార్పు తెచ్చేది నాకు ఇంకోటి తెలీదు. పొయ్యికి మరీ దగ్గర మాత్రం వద్దు, జిడ్డు పడుతుంది.

ఆండీ వార్హోల్ 1962లో లాస్ ఏంజెలిస్‌లో ప్రదర్శనకి పెట్టిన క్యాంప్‌బెల్ సూపు డబ్బాల బొమ్మల్లోనూ ఉన్నది ఈ సూత్రమే. మొత్తం 32 బొమ్మలు, ఒక్కోటీ 20 అంగుళాల ఎత్తు, 16 అంగుళాల వెడల్పు. ఎరుపూ తెలుపూ డబ్బా అన్నిట్లో అదే, మారేది దాని మీద రాసిన సూపు పేరొక్కటే. గోడ పొడుగునా ఒక సన్నటి చెక్క బిగించి, కిరాణా కొట్టు అరలో పెట్టినట్టు వాటిని వరసగా నిలబెట్టారు. అందులో ఒక్క బొమ్మే ఉంటే ఎవరు ఆగి చూసేవారు? తెలివంతా 32లో ఉంది.

కట్టేసే గుణం ఆకారమే కానక్కర్లేదు. రంగు కావచ్చు: రకరకాల గిన్నెలు, కూజాలు, పళ్లేలు, అన్నీ నీలమే. పదార్థం కావచ్చు: చెంబు, బిందె, కూజా, గుండిగ, అన్నీ ఇత్తడే. విషయం కావచ్చు: కొండపల్లి నుంచి ఏనుగు, ఏటికొప్పాక నుంచి లక్క ఏనుగు, జైపూర్ నుంచి గుడ్డ ఏనుగు. షోకేస్‌లో ఇరుక్కుపోయిన ఆ అంబారీ ఏనుగుకి దారి ఇదే, తోటి ఏనుగుల్ని వెతికిపెట్టడం. మన చేతిపనివాళ్లు కొన్నిటిని మొదటినుంచీ జట్లుగానే చేశారు. తెల్లపొణికి కర్రతో చేసే కొండపల్లి దశావతారాలు పది బొమ్మల జట్టు. అంకుడు కర్ర మీద లక్కరంగు పట్టించి వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో తిప్పే లక్కపిడతలు బుల్లి వంటిల్లంత జట్టు. వాటిని విడదీసి ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ పెట్టడం చేసినవాళ్ల మాట కాదనడమే.

బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో ఇంకో కిటుకు కూడా తెలుసు. అక్కడ బొమ్మలకి ఏ పోలికా ఉండదు. రాముడు, పోలీసు, కోమటి దంపతులు, కారు, చిలక. కట్టేసేది కింద ఉన్న మెట్లు, వాటి మీద పరిచిన తెల్లగుడ్డ. మూడు, అయిదు, ఏడు మెట్లు ఒకే ఎడంతో ఎక్కుతుంటే, వాటి మీద ఏది పెట్టినా కొలువులో భాగమైపోతుంది. వస్తువుల్లో పోలిక లేనప్పుడు వాటిని మోసే అరల్లో పోలిక తేవచ్చు. ఒకే కొలత చెక్క డబ్బాలు తొమ్మిది గోడకి మూడు మూళ్లుగా బిగించి, డబ్బాకి ఒక వస్తువు చొప్పున పెట్టండి. సింగపూర్ సింహం కూడా అందులో మర్యాదగా కనిపిస్తుంది.

బట్టల దగ్గరికి వచ్చేసరికి మనకి ఇంటిదగ్గరే రెండు బడులున్నాయి. పెడనలో కలంకారీ చెక్క అచ్చులతో వేస్తారు. అచ్చు రంగులో అద్ది, గుడ్డ మీద కొట్టి, పక్కకి జరిపి, అంచు అంచుకి కలిసేలా మళ్లీ కొట్టడం. గజాల కొద్దీ అదే పువ్వు. శ్రీకాళహస్తిలో కలంకారీ కలంతో గీస్తారు. ఒక గుడ్డ, ఒక కథ, మళ్లీ అలాంటిది ఇంకోటి రాదు. పెడన గుడ్డ పరదాలకి, దిండు గలీబులకి, వరస పెట్టాల్సిన చోట్లకి. శ్రీకాళహస్తి గుడ్డ గోడకి, ఒక్కటంటే ఒక్కటి, చుట్టూ ఖాళీ వదిలి. ఈ రెండిటినీ తారుమారు చేసిన ఇళ్లు చూశాను. సీతారామ కల్యాణం దిండు మీద పడి, దాన్ని ఆనుకుని కూర్చోడానికి మొహమాటపడాల్సిన పరిస్థితి.

చేత్తో చేసిన వరసలో ఇంకో సుఖం ఉంది. పోచంపల్లి ఇక్కత్‌లో ఒకే డైమండు గుడ్డంతా వస్తుంది, కానీ ఏ రెండిటి అంచూ అచ్చంగా ఒకేలా ఉండదు. నూలుని ముందే ముళ్లేసి రంగులో ముంచి ఆ తరవాత నేస్తారు కాబట్టి, దారం వెంట్రుకవాసి జరిగినా అంచు చెదురుతుంది. ఆ చెదరడం వల్లే చూడగా చూడగా విసుగు రాదు. ఇలాంటి డిజైన్‌నే మిషన్ మీద ప్రింట్ చేసిన దుప్పటి వారానికల్లా కంటికి ఆనడం మానేస్తుంది. మీ దగ్గరున్న ఏడు కుందుల్లో ఒకటి కాస్త వంగి ఉంటే దాన్ని తీసేయకండి.

గోడ మీద ఫొటోలు

పాత ఇళ్లలో ఫొటోలు పైకప్పుకి జానెడు కింద, ముందుకి వాలి ఉండేవి. తలెత్తితేగాని తాతగారి ముఖం కనిపించేది కాదు. ఇప్పుడు గ్యాలరీల్లో ఎక్కువగా పాటించే లెక్క ఏంటంటే, బొమ్మ నడిమిభాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తున, అంటే సుమారు 145 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. నిలబడిన మనిషి కంటికి అది దగ్గర. ఫొటోలు గుంపుగా పెట్టినప్పుడు ఈ కొలత గుంపు మొత్తానికి వర్తిస్తుంది, ఒక్కో ఫొటోకి కాదు.

లెక్క వేసి చూద్దాం. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఫ్రేములు తొమ్మిది. మూడు వరసల్లో మూడేసి, మధ్య ఎడం రెండంగుళాలు. మొత్తం 40 అంగుళాల చదరం. పదడుగుల గోడ అయితే అటూ ఇటూ 40 అంగుళాల ఖాళీ మిగులుతుంది. నడిమిభాగం 57 దగ్గర పెడితే కింది అంచు 37 దగ్గరికి వస్తుంది. కింద సోఫా ఉండి, దాని వీపు 33 అంగుళాల ఎత్తు అనుకుంటే ఎడం నాలుగే అంగుళాలు. కూర్చున్నవాళ్ల తల తగులుతుంది, తలనూనె మరక ఫ్రేముకి పడుతుంది. మొత్తం గుంపుని ఇంకో రెండు మూడు అంగుళాలు పైకి జరపండి. 57 శాస్త్రవచనమేం కాదు.

మేకు కొట్టే ముందు పాత న్యూస్‌పేపర్ని ఫ్రేము కొలతకి తొమ్మిది ముక్కలు కత్తిరించి, ఊడదీస్తే పెయింటు లేవని టేపుతో గోడకి అంటించి రెండ్రోజులు వదిలెయ్యండి. అటూ ఇటూ తిరుగుతున్నప్పుడు ఎక్కడ తేడా ఉందో మీకే తెలుస్తుంది. ఎడాలు రెండు, రెండున్నర, ఒకటిన్నర అంటూ మారితే ఎంత మంచి ఫొటోలైనా చిందరవందరగానే కనిపిస్తాయి. ఈ పనిలో శ్రద్ధంతా ఎడం మీద పెట్టాలి, ఫ్రేము ఖరీదు మీద కాదు. డ్రిల్లింగ్ చేసే అతన్ని పిలిచినప్పుడు రసమట్టం తెచ్చుకోమనండి; తేకపోతే ఫోన్లోని లెవెల్ పనికొస్తుంది. ముందు మధ్య ఫ్రేము బిగించి, దాన్నుంచి నాలుగు వైపులకి వెళ్లాలి. మూల నుంచి మొదలుపెడితే పొరపాటు చివరి వరసకి చేరేసరికి అరంగుళం అవుతుంది.

ఏ ఫొటోలు? పెళ్లిది రంగుల్లో, తాతగారిది నలుపు తెలుపు, పాపది ఫోన్లో తీసింది. అన్నిటినీ కొత్తగా స్కాన్ చేయించి నలుపు తెలుపులో ఒకే సైజుకి ప్రింట్లు వేయిస్తే అరవై ఏళ్ల తేడా ఒక్క దెబ్బకి పోతుంది. అసలు ఫొటోల్ని ఆల్బంలోనే ఉంచండి. పటం కట్టేవాడికి అన్ని ఫ్రేములూ ఒకేసారి ఇవ్వండి. ఆర్నెల్ల తరవాత వెళితే ఆ పట్టీ రకం దొరకదు. ఒక మాట మర్చిపోకండి. పోయినవాళ్ల ఫొటోకి దండ వేసే అలవాటున్న ఇంట్లో, ఆ ఫొటోని పిల్లల ఫొటోల మధ్య కలిపితే పెద్దవాళ్లకి నచ్చదు. దానికి వేరే గోడ చూడండి. మామగారు యవ్వనంలో సైకిలు పట్టుకుని దిగిన ఫొటో ఉంటే అది ఈ తొమ్మిదిలోకి నిక్షేపంగా వస్తుంది.

బాల్కనీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కడియం నర్సరీలకి వెళ్లినవాళ్లు కనిపించిన ప్రతిదీ ఒక్కోటి తెచ్చుకుంటారు, బాల్కనీ ఆ నర్సరీకి నమూనాలా తయారవుతుంది. ఒకే మొక్క ఏడు కుండీలు తెచ్చి గోడ వెంట పెట్టండి. నీళ్ల లెక్కా ఒకటే, ఎండ లెక్కా ఒకటే. ఒకటి వాడితే వరసలో వెంటనే తెలిసిపోతుంది కూడా.

ఎక్కడ ఆపాలి

వరస రుచి మరిగినవాళ్లు చేసే పని, పరదా మీది పువ్వునే సోఫా మీదికీ, దుప్పటి మీదికీ, టేబుల్ గుడ్డ మీదికీ తేవడం. ఫర్నిచర్ షాపువాళ్లు దీన్ని సెట్టు అని అమ్ముతారు. గదిలోకి వెళితే లాడ్జి రూములో దిగినట్టుంటుంది. నా లెక్క ప్రకారం గదికి ఒక వరస చాలు, మహా అయితే రెండు. ఫొటోల గోడ ఉన్న గదిలో ఇత్తడి వరస పెట్టాలనుకుంటే అది ఎదురుగోడకి కాకుండా పక్కగోడకి, చిన్నదిగా ఉండాలి. మిగతా గోడలు ఖాళీగా ఉండనివ్వండి. ఖాళీ గోడ చూడగానే చేతులు దురదపెట్టే స్వభావం మనలో చాలామందికి ఉంది, క్యాలెండరుతో మొదలవుతుంది.

రెండో హద్దు దుమ్ము. ఏడు కుందుల్ని చింతపండు, ముగ్గుపిండి పెట్టి తోమడం పండగ ముందు గంట పని. ఇరవై రెండంటే ఇంట్లో గొడవ. విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ఇత్తడి ఇంకా తొందరగా నల్లబడుతుంది. అక్కడ వరస కావాలంటే మట్టి, కర్ర, పింగాణీ నయం. రోడ్డు మీది ఫ్లాటులో తెరిచిన అరల్లో చిన్న చిన్న బొమ్మలు పెట్టుకుని వారం వారం ఒక్కోటీ ఎత్తి తుడిచే ఓపిక ఎవరికుందో ముందే మాట్లాడుకోండి. "నువ్వు పెట్టావు, నువ్వే తుడుచుకో" అనే మాట వచ్చే ఇంట్లో గాజు తలుపు మంచిదే. కానీ లోపల ఒకే జట్టు ఉండాలి.

ఇక షీల్డులు. ఇవి చాలా ఇళ్లలో తెగని పంచాయితీ. నాన్నగారి ముప్పయ్యేళ్ల ఉద్యోగం వాటిలో ఉంది, తీసి అటకెక్కిస్తే ఆయన పైకి ఏమీ అనరు, ఆ పూట అన్నం సరిగా తినరు. తీయకండి. వాటినీ వరస పెట్టండి. ఇంట్లో ఎవరికి వచ్చిన కప్పైనా, మెడలైనా, షీల్డైనా ఒకే పొడవాటి అర మీదికి, ఆయన చదువుకునే కుర్చీకి దగ్గరగా. "నాన్నా, ఏది ముందు వచ్చింది?" అని అడిగి ఏళ్ల వారీగా ఆయన చేతే పెట్టించండి. అదయ్యాక షోకేస్‌లో సగం ఖాళీ అవుతుంది.

అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి మేకుల దగ్గర చిక్కు. ఇంటాయన ఒక్క మేకుకే మొహం చిట్లిస్తే తొమ్మిది ఎక్కడ కొడతాం? వార్హోల్ బొమ్మలకి చేసినట్టు ఒక్క సన్నటి అర బిగించడానికి ఒప్పించండి. నాలుగడుగుల చెక్కకి రెండు మూడు రంధ్రాలు చాలు. దాని మీద ఫ్రేముల్ని గోడకి ఆనించి నిలబెట్టొచ్చు, కావలసినప్పుడు మార్చొచ్చు. ముందు అంచుకి అరంగుళం ఎత్తు పట్టీ కొట్టిస్తే జారి పడవు. అదీ కుదరదంటే పుస్తకాల బీరువా పైభాగం ఉంది, కిటికీ గట్టు ఉంది. ఇల్లు మారేటప్పుడు జట్టు మొత్తం ఒకే అట్టపెట్టెలో సర్ది, పెట్టె మీద పెద్దక్షరాలతో పేరు రాయండి. కొత్తింట్లో పాలు పొంగించిన మర్నాడు మొదట విప్పాల్సిన పెట్టెల్లో అదొకటి, వంటింటి పెట్టె తరవాత.